స్పోర్ట్ క్వాడా, ఫోర్‌వీల్ డ్రైవ్ ఏటీవీనా? బోనమ్ దగ్గర 14 ఎకరాలకి ఏది తీసుకోవాలి

బోనమ్_రైతు:

అందరికీ నమస్తే. నేను టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటా, ఐటీ జాబ్. పోయిన ఏడాది నేనూ మా బావమరిదీ కలిసి బోనమ్ దగ్గర 14 ఎకరాలు కొన్నాం. ఎక్కువ భాగం గడ్డే, వెనక వైపు ఒక వాగు, దాని పక్కన చెట్లు, మధ్యలో చిన్న చెరువు, ఇల్లు గట్రా ఏం లేదు, ఒక పాత షెడ్డు ఉంది అంతే. వీకెండ్ వెళ్ళి ఫెన్సు చూసుకోవడం, ముళ్ళ మొక్కలకి మందు కొట్టడం, ప్రాపర్టీ ట్యాక్స్‌లో వ్యవసాయ వాల్యుయేషన్ కోసం తేనెటీగల పెట్టెలు పెట్టాం వాటి దగ్గరికి సామాను మోయడం, ఇదంతా నడిచి చేసేసరికి సోమవారం ఆఫీసులో కుర్చీలోంచి లేవలేకపోతున్నా. సరే ఒక ఏటీవీ, అదే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి, కొందాం అనుకున్నాం, గొడవ అక్కడే మొదలైంది.

మా బావమరిది యామహా రాప్టర్ 700 అనే స్పోర్ట్ క్వాడ్ (రేసు రకం ఏటీవీ) తప్ప ఇంకోటి చూడనంటాడు. రోజూ పొద్దున్నే ఇసుక దిబ్బల మీద ఎగిరే వీడియో ఒకటి పంపిస్తాడు. నాకేమో ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నది, యామహా గ్రిజ్లీయో పోలారిస్ స్పోర్ట్స్‌మనో అలాంటిది కరెక్ట్ అనిపిస్తోంది, కానీ షోరూమ్‌లో ఎక్కి కూర్చుంటే గేదె మీద కూర్చున్నట్టే ఉంది, దాంట్లో సరదా ఏముంటుందో అర్థం కాలేదు. బడ్జెట్ ఇద్దరికీ కలిపి 9 వేల డాలర్లు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. గేర్ల బండి ఇద్దరికీ బాగా వచ్చు, విజయవాడలో కాలేజీకి ఆర్‌ఎక్స్ 100 మీద తిరిగినవాళ్ళమే. పిల్లలు ఉన్నారు, మా పాపకి 11, వాళ్ళ బాబుకి 13. మా ఆవిడ మాత్రం నేను ఎక్కడానికి లేని బండి కొంటే ఆ పొలానికి మీరిద్దరే వెళ్ళండి అంటోంది. ఇంట్లో ఉన్నది హోండా ఒడిస్సీ వ్యాన్, పికప్ ట్రక్ లేదు. వాడినవాళ్ళు కొంచెం చెప్పండి.

ఓకేసీ_వరంగల్:

అన్నా మీ బావమరిది కరెక్టే చెప్తుండు, ఆయన మాట ఇను.

నేను ఓక్లహోమా సిటీల ఉంట, నా దగ్గర రాప్టర్ 700 ఆర్ ఉన్నది. మాకు వైనోకా దగ్గర లిటిల్ సహారా ఉంటది, 1,600 ఎకరాలు ఉత్త ఇసుక, కొన్ని దిబ్బలు 75 అడుగుల దాక ఉంటయ్. ఎనక టైర్లు తీసేసి ఇసుకను తెడ్డు లెక్క నెట్టే ప్యాడిల్ టైర్లు ఏసుకోని మూడో గేర్ల దిబ్బ ఎక్కుతుంటే ఆ మజా ఏ ఫోర్‌వీల్ బండి మీద రాదు, నేను రాసిస్త. స్పోర్ట్ క్వాడ్ అంటే ఏంది, క్లచ్ ఉంటది, కాలుతోని గేర్లు, సీటు కిందికి ఉంటది, ఎడల్పుగ నిలబడుతది, సస్పెన్షన్ ఎనక 10 అంగుళాల దాక ఆడుతది. ఎనక యాక్సిల్ ఒక్కటే కడ్డీ, డిఫరెన్షియల్ ఉండది, రెండు చక్రాలు ఒక్క తీరే తిరుగుతయ్, అందుకే హ్యాండిల్ తిప్పితే తిరగది, నువ్వు పక్కకు ఒరిగి థ్రాటిల్ ఇచ్చి ఎనక భాగాన్ని జార్చాలె. అది చేతికి వచ్చినంక ఇగ వేరే బండి ఎక్కబుద్ధి కాదు. ఆర్‌ఎక్స్ 100 నడిపినోనికి గదే కదా కావాల్సింది.

ఇంకోటి, ఇవి దొరికినప్పుడే కొనుక్కోవాలె. సుజుకి ఎల్‌టీ ఆర్ 450, కవాసకి కేఎఫ్‌ఎక్స్ 450, హోండా టీఆర్‌ఎక్స్ 450 ఆర్, క్యాన్ యామ్ డీఎస్ 450 అన్నీ ఒక్కొక్కటి బంద్ పెట్టిన్రు. 2008 మాంద్యం ఒక దెబ్బ కొట్టింది, ఆ టైముకే పోలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ వచ్చి జనం మొత్తం పక్కపక్కన కూసోని స్టీరింగుతోని నడిపే సైడ్ బై సైడ్ల దిక్కు పోయిన్రు. పెద్ద కంపెనీలల్ల పెద్ద స్పోర్ట్ క్వాడ్‌ని విడువకుండ చేస్తున్నది యామహానే, రాప్టర్ 700, వైఎఫ్‌జెడ్ 450 ఆర్. రెండిట్ల మీకైతే రాప్టరే, దానికి రివర్స్ ఉన్నది, 450కి అది గూడ లేదు, చెట్ల నడుమ ఇరుక్కుంటే దిగి ఎనకకు గుంజుకోవాలె.

నల్లరేగడి_కాఫ్‌మన్:

వరంగల్ తమ్ముడు చెప్పినదంతా నిజమే, కానీ ఆయన చెప్పింది వైనోకా ఇసుక గురించి, నువ్వు అడిగింది బోనమ్ గురించి.

నాకు కాఫ్‌మన్ కౌంటీలో పొలం ఉంది, మాదీ మీదీ ఒకటే నేల, బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. మన గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి చూశావు కదా, అచ్చం ఆ జాతి మట్టే ఇది కూడా, సైంటిస్టులు రెండింటినీ వెర్టిసాల్ అనే ఒకే గుంపులో పెడతారు. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు పడుతుంది, వాన పడితే బంక. ఆ బంకలో స్పోర్ట్ క్వాడ్ పరిస్థితి ఏంటో చెప్తా విను. రాప్టర్‌కి వెనక యాక్సిల్ మధ్యలో చైన్ స్ప్రాకెట్టు, బ్రేకు డిస్కు కిందికి వేలాడుతుంటాయి, నేలకీ వాటికీ మధ్య ఖాళీ 4, 5 అంగుళాలకి మించదు. వెనక టైరు 20 అంగుళాల ఎత్తు. గ్రిజ్లీకి అదే ఖాళీ 11 అంగుళాల పైన ఉంటుంది, టైర్లు 25 కంటే పెద్దవి. మన మట్టిలో ఒక గాడి పడిందంటే స్పోర్ట్ క్వాడ్ పొట్ట ఆని కూర్చుంటుంది, చైన్‌లో బంక దూరి గట్టిపడుతుంది, తర్వాత అది వదిలించుకోవడం ఇంకో పని. దానికి తోడు అడవి పందులు. మీ వాగు పక్కన ఇప్పటికే తవ్వి ఉంటాయి చూడు, గడ్డి పెరిగితే ఆ గుంటలు పైకి కనపడవు, రాప్టర్ మీద నలభైలో వెళ్తూ అందులో ముందు చక్రం పడితే మనిషి హ్యాండిల్ మీంచి ముందుకి పోతాడు.

ఇక పని సంగతి. స్పోర్ట్ క్వాడ్‌కి ముందు ర్యాక్ ఉండదు, వెనక ర్యాక్ ఉండదు, వెనక బండి తగిలించే హిచ్ ఉండదు, తీగతో గుంజే వించ్ పెట్టే చోటు ఉండదు. ఫెన్సు రిపేరుకి టీ పోస్టులు, ముళ్ళ తీగ చుట్ట, పోస్టులు దిగ్గొట్టే రాడ్డు తీసుకెళ్ళాలి, ఎక్కడ పెడతావు, ఒళ్ళో పెట్టుకుంటావా? చిన్న బండి కట్టి లాగడానికి, మందు కొట్టే ట్యాంకు పెట్టడానికి, వాగులో పడ్డ కొమ్మ గుంజడానికి నీకు కావాల్సింది ర్యాకులూ హిచ్చూ లో గేరూ ఉన్న బండి. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి, రాప్టర్ 700లో, గ్రిజ్లీ 700లో ఇంజన్ సైజు ఒకటే, 686 సీసీ సింగిల్ సిలిండర్, ఒకే ఇంట్లో పుట్టినవే. అయినా ఒకటి 420 పౌండ్ల చిల్లర, రెండోది 700 దగ్గర. ఆ తేడా అంతా ఎక్కడికి పోయిందంటే ముందు డిఫరెన్షియల్, షాఫ్టులు, ర్యాకులు, వెనక రెండు చక్రాలకి విడివిడి సస్పెన్షన్, పెద్ద టైర్లు. నీకు షోరూమ్‌లో గేదెలా అనిపించింది ఆ బరువే. కానీ అలా అని దాన్ని కదలని బండి అనుకోకు, లో రేంజి తీసి హైలో పెట్టి బొటనవేలి థ్రాటిల్ నొక్కు, నవ్వు ఆగదు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, ఫోర్‌వీల్ డ్రైవ్ ఉందని వాన పడిన రోజే వెళ్ళకు. మన బంక టైరు గాళ్ళలో నిండిపోయిందంటే నాలుగు చక్రాలూ నున్నగా తిరుగుతాయి, అప్పుడు నువ్వు రెండు గాళ్ళకి బదులు నాలుగు తవ్వుతావు, అంతే. రెండు మూడు రోజులు ఆరనిస్తే పైన పొర గట్టిపడుతుంది. ఫోర్‌వీల్ అసలు పనికొచ్చేది వాగు గట్టు ఎక్కేటప్పుడు, తడి గడ్డి మీద బరువు లాగేటప్పుడు, చెరువు కట్ట మీద. నేను మామూలుగా టూ వీల్‌లోనే తిరుగుతా, ఇరుక్కోబోతున్నా అనిపించినప్పుడు బటన్ నొక్కుతా, ఇరుక్కున్నాక కాదు.

ఇంకొకటి, ట్యాంకు. 25 గ్యాలన్ల స్ప్రేయర్ చూసి టెంప్ట్ అవుతావు, వద్దు. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, 25 అంటే 208 పౌండ్లు, ట్యాంకు బరువు కాకుండానే. గ్రిజ్లీ వెనక ర్యాకు మోసేది 198 మాత్రమే. పైగా సగం నిండిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే చెరువు కట్ట మీద పక్కకి తిరిగేటప్పుడు బండి ఎటు వాలుతుందో చెప్పలేం. 15 గ్యాలన్లు చాలు, ఇంకో ట్రిప్పు వేసుకో.

బోనమ్_రైతు:

అన్నా చాలా థాంక్స్, పందుల గుంటలు నిజంగానే ఉన్నాయి, మేం అవి ఆవులు తొక్కిన గుంటలేమో అనుకున్నాం.

ఒక డౌట్. ర్యాకులు ఉండి టూ వీల్ డ్రైవ్ మాత్రమే ఉన్నవి కూడా కనపడుతున్నాయి, హోండా రాంచర్ అలాంటివి, చాలా తక్కువకి వస్తున్నాయి. అది తీసుకుని మిగిలిన డబ్బులకి ఏదైనా పాత స్పోర్ట్ క్వాడ్ చిన్నది కొంటే ఇద్దరి గొడవా తీరుతుంది కదా అని మా బావమరిది కొత్త ప్లాన్ వేశాడు. ఇంకా బెల్టు, గేరు, ఆటోమేటిక్ అంటూ ఏవేవో రాస్తున్నారు, ఏది మంచిదో తెలియట్లేదు.

మామ_గ్యారేజ్:

బాబూ, ప్లాన్ బానే ఉంది, మీ బావమరిదికి బుర్ర ఉంది.

టూ వీల్ డ్రైవ్ అంటే పనికిరాదని కాదు. అసలు 1986లో హోండా టీఆర్‌ఎక్స్ 350 వచ్చేవరకు ఏటీవీల్లో ఫోర్‌వీల్ డ్రైవే లేదు. దానికి ముందు అన్నిట్లో వెనక రెండు చక్రాలే లాగేవి, ఇంకా ముందైతే మూడు చక్రాల బండ్లు, 1970లో హోండాయే మొదలెట్టింది, అవి తెగ బోల్తా పడుతున్నాయని 1988లో కంపెనీలూ ప్రభుత్వమూ కోర్టులో ఒప్పందం చేసుకుని అమ్మకాలు ఆపేశారు. ఆ రోజుల్లో కూడా రైతులు పని చేసుకున్నారు. గట్టి నేల, చదునైన గడ్డి, తేలిక బరువు అయితే టూ వీల్ రాంచర్ చాలు. కానీ మీకు వాగు గట్టు ఉంది, నల్ల మట్టి ఉంది, ఇద్దరూ ఐటీవాళ్ళు కాబట్టి వెళ్ళేది శని ఆదివారాలే, శుక్రవారం వాన పడితే ఆరేదాకా ఆగే టైము మీకు ఉండదు. అందుకని ఫోర్‌వీలే తీసుకోండి, అమ్మేటప్పుడు కూడా తొందరగా పోతుంది.

బెల్టు సంగతి. గ్రిజ్లీ, స్పోర్ట్స్‌మన్, అవుట్‌ల్యాండర్, కింగ్‌క్వాడ్ వీటన్నిట్లో ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య సీవీటీ బెల్టు ఉంటుంది, మన యాక్టివా స్కూటర్ పద్ధతే. నడపడం తేలిక, ఎవరైనా నడుపుతారు. దాన్ని పాడు చేసేది ఒకే ఒక అలవాటు, బరువు లాగుతూ నెమ్మదిగా పోయేటప్పుడు హైలో ఉంచడం. బెల్టు జారి వేడెక్కి కాలిపోతుంది. లాగేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు లో లో పెట్టండి, అంతే, ఏళ్ళు వస్తుంది. రెండోది నీళ్ళు, బెల్టు కవర్లోకి నీళ్ళు పోతే బండి గర్జిస్తుంది గానీ కదలదు, కింద డ్రైన్ ప్లగ్ తీసి వదిలి కాసేపు న్యూట్రల్‌లో రేస్ చేస్తే ఆరుతుంది. హోండా రాంచర్, ఫోర్‌మన్‌లో బెల్టే లేదు, గేర్లూ షాఫ్టూ, మొద్దుగా ఉంటాయి గానీ చావవు. నా ఓటు ఎప్పుడూ హోండాకే, ఇది నా పిచ్చి అనుకోండి, రైడ్ మెత్తగా కావాలంటే మాత్రం గ్రిజ్లీ, స్పోర్ట్స్‌మన్ బాగుంటాయి, ఎందుకంటే మామూలు రాంచర్‌లో వెనక కడ్డీ యాక్సిలే, గుంటల్లో నడుం తెలుస్తుంది.

పోలారిస్ గురించి ఒక మాట, దాంట్లో స్విచ్ ఆల్ వీల్‌లో పెట్టి ఉంచితే వెనక చక్రం జారినప్పుడే ముందువి పట్టుకుంటాయి, మళ్ళీ పట్టు దొరకగానే వదిలేస్తాయి. కొత్తవాళ్ళకి అది సుఖం. యామహాలో నువ్వే బటన్ నొక్కాలి, ఇంకో బటన్ నొక్కితే ముందు డిఫరెన్షియల్ లాక్ అవుతుంది, అప్పుడు హ్యాండిల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ ఉన్న మోడలే చూసుకోండి.

రెండో బండిగా పాత స్పోర్ట్ క్వాడ్ కొనాలంటే 450లు వద్దు. అవి రేసు ఇంజన్లు, వైఎఫ్‌జెడ్ 450 ఆర్‌లో 5 టైటానియం వాల్వులు, ఆయిల్ వెంట వెంటనే మార్చాలి, వాల్వులు కొలుస్తుండాలి, ముందు వాడినవాడు ఏం చేశాడో నీకు తెలీదు. హోండా 400 ఈఎక్స్ వెతకండి, 1999 నుంచి వచ్చింది, గాలితో చల్లబడే ఇంజన్, రేడియేటరే లేదు, కార్బ్యురేటర్, ఒక స్పానర్ల సెట్టుతో సగం పని అయిపోతుంది. ఆర్‌ఎక్స్ 100 విప్పినవాళ్ళకి అదేం పెద్ద పని కాదు.

సింధు_రెస్టన్:

మీ ఆవిడ చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు, అందుకే రాస్తున్నా.

రాప్టర్ గానీ, మామూలు గ్రిజ్లీ గానీ, రెండూ ఒక్క మనిషి బండ్లే. సీటు పొడుగ్గా ఉంటే ఇంకొకరు పట్టడానికి అనుకుంటారు, అది నడిపేవాళ్ళు ముందుకీ వెనక్కీ జరగడానికి. వెనక ఇంకో మనిషి కూర్చుంటే గట్టు ఎక్కేటప్పుడు బండి ముందు లేచి మీద పడుతుంది. ఇద్దరికి కావాలంటే దానికని చేసినవే కొనాలి, అవుట్‌ల్యాండర్ మ్యాక్స్, స్పోర్ట్స్‌మన్ టూరింగ్, వీటికి చాసీ పొడుగు, వెనక సీటుకి ఆనుకునే వీపు, పట్టుకోడానికి పిడులు ఉంటాయి. లేదా ఆవిడకి ఆవిడే నడుపుతారు, క్లచ్ లేని ఫోర్‌వీల్ బండి అయితే ఒక గంటలో వస్తుంది, నేను అలాగే నేర్చుకున్నా, ఇండియాలో స్కూటీ తప్ప ఇంకేం నడపలేదు. రాప్టర్ అయితే మీ బావమరిది తప్ప ఎవరూ ముట్టుకోరు, ఇద్దరూ సగం సగం డబ్బులు పెట్టి ఒక్కరే తిరగడం ఏంటి.

పిల్లల గురించి. పెద్దవాళ్ళ సైజు బండ్లు 16 నిండినవాళ్ళకే, కంపెనీ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. గ్రిజ్లీ నెమ్మదిగా పోతుంది కదా బాబుకి ఇద్దాం అని మాత్రం అనుకోకండి, 700 పౌండ్లు పక్కకి ఒరిగితే 13 ఏళ్ళ పిల్లాడు తోసి ఆపలేడు. వాళ్ళ కోసం వయసుని బట్టి 6 ప్లస్, 10 ప్లస్, 12 ప్లస్ అని పిల్లల బండ్లు వేరే వస్తాయి. అందరూ ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ రైడర్ కోర్సు చేయండి, మీకు గేర్ల బండి వచ్చినా సరే, బైక్ మీద అలవాటైన ఒళ్ళు ఏటీవీ మీద ఉల్టా పనిచేస్తుంది. బైక్‌ని వాలుస్తాం, ఇది వాలదు, మనమే లోపలికి ఒరగాలి. కాలు కింద ఆనించడం అనే బైక్ అలవాటు అయితే డేంజర్, సొంత వెనక చక్రమే కాలి మీదికి వస్తుంది.

నేను, మా ఆయన వెస్ట్ వర్జీనియాలో హాట్‌ఫీల్డ్ మెకాయ్ ట్రైల్స్‌కి వెళ్తుంటాం. 2000లో మొదలైంది, ఇప్పుడు వెయ్యి మైళ్ళ పైన ట్రైల్స్, బొగ్గు కొండల మధ్య. చిన్న చిన్న ఊళ్ళు ట్రైల్‌కి కలిసి ఉంటాయి, ఏటీవీ మీదే ఊళ్ళోకి వచ్చి పెట్రోల్ కొట్టించుకుని బర్గర్ తిని మళ్ళీ కొండెక్కొచ్చు. అక్కడ స్పోర్ట్ క్వాడ్లు కూడా వస్తాయి, బాగా నడిపేవాళ్ళు సన్న ట్రైల్స్‌లో మమ్మల్ని దాటుకుని పోతారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రాళ్ళ మెట్లు వచ్చే చోట్ల, దిగుడులో, మా ఫోర్‌వీల్ బండి లోలో ఇంజన్ బ్రేకింగ్‌తో బ్రేక్ ముట్టుకోకుండా దిగుతుంది, సాయంత్రానికి చేతులు వణకవు. రోజంతా తిరగాలంటే ఆ తేడా తెలుస్తుంది.

సరదా, పని రెండూ ఒకే బండిలో కావాలంటే మధ్యరకం కూడా ఉంది, క్యాన్ యామ్ రెనిగేడ్. ఫోర్‌వీల్ డ్రైవే, చూడ్డానికి నిలబడ్డానికి స్పోర్ట్ బండిలా ఉంటుంది. కానీ ర్యాకులు ఉండవు, కొత్తది మీ బడ్జెట్‌లో రావడం కష్టం, పవర్ ఎక్కువ కాబట్టి నేను మొదటి బండిగా చెప్పను. సైడ్ బై సైడ్ కొంటే కుటుంబం మొత్తం ఎక్కొచ్చు, రోల్ కేజీ సీటు బెల్టు ఉంటాయి, కానీ 9 వేలకి వచ్చేది బాగా వాడేసినది, ఒడిస్సీతో లాగడం కూడా ఆలోచించుకోవాలి.

శంషాబాద్_ఫార్మ్:

ఇక్కడ హైదరాబాద్‌లో మా ఫార్మ్‌హౌస్‌లో ఒక స్పోర్ట్స్‌మన్ ఉంది, కాబట్టి నా రెండు ముక్కలు. మన దగ్గర ఏటీవీ రోడ్డెక్కడానికి లేదు, గేటు లోపలే. ఆ మధ్య పోలారిస్ వాళ్ళు స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టర్ కింద రిజిస్టర్ చేసుకునేలా తెచ్చారు, అది వేరే కథ. మన రిసార్టుల్లో తిప్పించే బండ్లు చూసి ఎవరూ డిసైడ్ అవ్వొద్దు, అవి చిన్న చైనా ఇంజన్లు, టైర్లలో గాలి రాయిలా కొట్టి ఉంచుతారు, అందుకే నడుం విరుగుతుంది. ఏటీవీ టైర్‌లో ఉండాల్సింది 5 నుంచి 7 పీఎస్ఐ, కారు గేజ్‌తో అది సరిగ్గా తెలియదు, తక్కువ ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కోండి. మీ అమెరికావాళ్ళకి పార్టులు రెండ్రోజుల్లో ఇంటికి వస్తాయి, అదృష్టం, నేను బెల్టు కోసం వారాల తరబడి ఎదురు చూశా.

ఓకేసీ_వరంగల్:

సింధు అక్క చెప్పినంక నేనేం మాట్లాడాలె. సరే అన్నా పొలానికి ఫోర్‌వీల్ తీస్కో, ఒప్పుకుంటున్న. కానీ మామ చెప్పిన 400 ఈఎక్స్ ప్లాన్ ఇడువకు, మీ బావమరిదిని అది పట్టుకోని లిటిల్ సహారాకు రమ్మను, మీ దిక్కు నుంచి ఐదారు గంటలు పడుతది. అక్కడికి వచ్చేటప్పుడు బండికి ఎత్తుగ జెండా కట్టే విప్ తప్పనిసరి, దిబ్బ అవతల నుంచి వచ్చేటోనికి నువ్వు కనపడవు కదా. దిబ్బ కొసకు పోయి అవతల చూడకుండ ఎగురుడు బంద్, వీడియోలల్ల ఎగిరేటోళ్ళు ముందే ఎక్కి చూసొచ్చినోళ్ళు. 400కి ఇసుకల పవర్ కొంచెం తక్కువైతది, పర్వాలే, నేర్చుకునేతందుకు అదే మంచిది. ఫోర్‌వీల్ బండి గూడ ఇసుకల పోతది, కానీ బరువుకు దిగబడుతది, గేర్ల మజా రాదు.

నల్లరేగడి_కాఫ్‌మన్:

పర్మిట్ల గురించి కూడా చెప్పేస్తా. నీ సొంత పొలంలో తిరగడానికి టెక్సాస్‌లో ఏ స్టిక్కరూ అక్కర్లేదు. శామ్ హ్యూస్టన్ ఫారెస్ట్ లాంటి పబ్లిక్ చోటుకి తీసుకెళ్తే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ 16 డాలర్ల డెకాల్, హెల్మెట్, కళ్ళద్దాలు తప్పనిసరి. పొలంలో కూడా హెల్మెట్ పెట్టుకో, చెట్ల కింద ఎవరూ చూడట్లేదని తీసేస్తాం, కొమ్మ తగిలేది అక్కడే. మీ వైపు బోడార్క్ చెట్లు ఎక్కువ, వాటి ముల్లు ఏ టైరునీ వదలదు, ప్లగ్ కిట్టూ చిన్న ఎయిర్ పంపూ సీటు కింద ఉంచు.

ఇంకా, ఏటీవీ కొన్నావని ట్రాక్టర్ పని చెప్పకు. నడుం ఎత్తు గడ్డి కొట్టించాలంటే పక్క పొలం రైతుకి గంటకి ఇంత అని ఇచ్చి ష్రెడర్ పెట్టించుకో. ఏటీవీ వెనక కట్టే మోవర్ కొనడం కంటే అదే చవక.

బోనమ్_రైతు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఈ థ్రెడ్ లింకు బావమరిదికి పంపా, చదివి కాసేపు మాట్లాడలేదు, తర్వాత 400 ఈఎక్స్ లిస్టింగులు పంపడం మొదలెట్టాడు, అంటే ఒప్పుకున్నట్టే. మా ఆవిడ సింధు గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది.

షెర్మన్‌లో ఒకాయన దగ్గర పవర్ స్టీరింగ్ ఉన్న గ్రిజ్లీ 700 ఉంది, 2015 మోడల్, వించ్‌తో సహా 6,200 చెప్తున్నాడు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. ఫోటోల్లో కొత్తదానిలా మెరుస్తోంది. ఏం చూడాలి మామా? ఒడిస్సీతో తెచ్చుకోగలమా?

మామ_గ్యారేజ్:

మెరిసేవాటినే అనుమానించు బాబూ, బురదలో ముంచి తీసినవాడే ముందు రోజు బాగా కడుగుతాడు.

వెళ్ళేముందు ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు, చల్లగా ఉన్నప్పుడు నువ్వే స్టార్ట్ చెయ్యాలి. సీటు తీసి ఎయిర్ ఫిల్టర్ బాక్సు మూత విప్పు, ఫిల్టర్ దాటి ఇంజన్ వైపు గొట్టంలో వేలు పెట్టి చూడు, మట్టి తగిలితే ఆ ఇంజన్ మట్టి తిన్నట్టే. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్ళు వెళ్ళాయి. ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కూడా ప్లగ్ తీసి చూపించమను, బద్ధకించేవాడైతే అదే నీకు జవాబు. నాలుగు చక్రాల దగ్గరా షాఫ్టు చివర రబ్బరు బూట్లు ఉంటాయి, చిరిగి గ్రీజు చిమ్మి ఉందేమో చూడు. ఒక్కో చక్రం పైనా కిందా పట్టుకుని ఊపు, టక్ టక్ మంటే బేరింగులో బాల్ జాయింట్లో పోయాయి. తర్వాత గడ్డి మీద నడుపు, ఫోర్‌వీల్‌లో పెట్టి ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో చూడాలి, డ్యాష్ మీద లైటు వెలిగినంత మాత్రాన నమ్మకు. డిఫరెన్షియల్ లాక్ కూడా నొక్కి చూడు. లో లో పెట్టి వించ్ తీగ చెట్టుకి కట్టి కొంచెం లాగించు.

టైటిల్ కాగితం, అదే ఓనర్‌షిప్ పత్రం, లేకుండా డబ్బులు ఇవ్వొద్దు. టెక్సాస్‌లో వీటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు గానీ టైటిల్ ఉంటుంది, దాని మీద నంబరూ ఫ్రేమ్ మీద కొట్టిన నంబరూ ఒకటేనా, టైటిల్ మీద పేరూ అమ్మేవాడి లైసెన్సు మీద పేరూ ఒకటేనా చూసుకో.

ఒడిస్సీకి ఢోకా లేదు, టో ప్యాకేజీ, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ ఉంటే 3,500 పౌండ్ల దాకా లాగుతుంది, 5 బై 8 ట్రైలర్, మీద గ్రిజ్లీ కలిపినా అందులో సగం కూడా రాదు. ర్యాంప్ ఎక్కించేటప్పుడే మనుషులు పడేది, అందుకని ర్యాంప్‌ని ట్రైలర్‌కి గొలుసుతో కట్టి, లోలో పెట్టి, ఒక్క ఊపులో కాకుండా పాక్కుంటూ ఎక్కించు, వెనక ఎవర్నీ నిలబడనివ్వకు. నాలుగు మూలలా రాచెట్ పట్టీలు సస్పెన్షన్ కిందకి నొక్కేలా లాగు.

ఆ ఎయిర్ బాక్సు లోపలి ఫోటో ఒకటి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా. శుభ్రంగా ఉంటే 5,500 దగ్గర మొదలెట్టు.